గరాటులో బూడిద

బు సుకేసి భయస్తురాలు. ఇది ఆమె చాటున అనుకున్న మాట కాదు, మా వైపు అందరూ ఎదుటే అనేవారు. ప్రయోగశాలలో గ్యాసు కట్టేసి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునేది. అలా మూడుసార్లు. వంతెన దగ్గర మోటారుసైకిలు దిగి, కింద ఏట్లో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూశాకే దాటేది. ఏట్లో ఇసుక తవ్వే మగాళ్ళు ఆమెకు "కోడిపిల్ల" అని పేరు పెట్టారు.

ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒకసారి నాతో అంది: "పుంజునైతే పందేనికి పట్టుకుపోతారు, పాక్. కోడిపిల్లని ఎవరు పట్టుకుపోతారు?"

"గద్ద," అన్నాను.

"అందుకే ఎప్పుడూ పైకి చూస్తూ ఉంటాను," అంది.

మా జావాలో టీచరమ్మలందరూ బు, వయసొచ్చిన మగవాళ్ళందరూ పాక్. నన్ను పాక్ సార్మిడి అంటారు. సెమెరు కొండ కింద ఉన్న ఆ బడిలో ప్రయోగశాల సామాను చూసుకోవడం నా పని. చదివింది ఆరో తరగతి. రేడియోలు విప్పి బిగిస్తూ మిగతాది నేర్చుకున్నాను. పందొమ్మిదేళ్ళు ఆమె పక్కన పనిచేశాను.

ఆమెది లుమాజాంగ్ అవతల అరటితోటల ఊరు. తండ్రి గెలల బేరగాడు. ఆమె భయం ఎక్కడిదో ఊళ్ళో తలా ఒక కథ చెప్పేవారు. చిన్నప్పుడు ఏట్లో కొట్టుకుపోయి బతికిందని ఒకరు, పిడుగు పక్కన పడిందని ఒకరు. ఆమె నాకు చెప్పింది ఇంకోటి, చిన్నది. టీచరు చదువు చదివే రోజుల్లో ఒకనాడు ఆమ్లాన్ని పలచన చేసే పాఠం జరిగింది. చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని గురువు అడిగాడు. అందరితో పాటు ఈమె కూడా "అర్థమైంది సార్" అంది. నిజానికి కాలేదు. పెద్దాయన అంత ఓపికగా చెప్పాక కాలేదంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టు అవుతుందని అలా అంది. నీళ్ళలో ఆమ్లం పోయాల్సింది పోయి ఆమ్లంలో నీళ్ళు పోసింది. అది చిమ్మి పక్కన నిలబడ్డ స్నేహితురాలి చెంప మీద పడింది.

"ఆ పిల్ల పెళ్ళికి వెళ్ళాను పాక్. ఒక చెంపకి పౌడరు మందంగా వేశారు," అంది. ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

టీచరుగా వచ్చాక ఆమె తన తరగతిలో "అర్థమైందా?" అన్న మాట వాడలేదు. అవును అని తప్పించుకోగలిగిన ప్రశ్న ఏదీ అడిగేది కాదు. మా పిల్లలు మర్యాద తెలిసినవాళ్ళు. పెద్దవాళ్ళు దేనికైనా అవునా అని అడిగితే తల వంచి అవునంటారు. కడుపు ఖాళీగా ఉన్నా తిన్నామంటారు, దారి తెలియకపోయినా తెలుసంటారు. అందుకని ఆమె "తీగ బిగించావా?" అని కాకుండా "తీగ ఎక్కడ వదులుగా ఉందో చూపించు" అనేది. పిల్లల నోటు పుస్తకాల్లో పెన్నుతోనే రాయాలి, కొట్టేసినా కింద అక్షరం కనబడాలి. ప్రతి పాఠం చివర "ఇవాళ నాకు తెలియనిది" అని ఒక గడి ఉండేది. అది ఖాళీగా వదిలితే పుస్తకం తిరిగిచ్చేది కాదు.

తల్లిదండ్రులు వచ్చి దెబ్బలాడేవారు. "మావాడు రోజూ తెలీదు, తెలీదు అని రాస్తన్నాడు బు. తెలీదని రాయడానికి బడెందుకు? ఇంట్లో మా మేక కూడా రాస్తది," అని ఒకాయన అన్నాడు.

"మేక చేత రాయించి తీసుకురండి. దిద్దుతాను," అంది ఆమె.

ఇంత భయస్తురాలు ఏటి పని ఎలా నెత్తినేసుకుందా అని ఇప్పటికీ అనుకుంటాను. మా ఏరు సెమెరు మీంచి వస్తుంది. కొండ మీద గట్టిగా వాన పడితే అక్కడ పేరుకున్న బూడిదా రాళ్ళూ నీళ్ళతో కలిసి లాహార్‌గా దిగుతాయి. అప్పుడు ఏట్లో వచ్చేది నీరు కాదు, కదిలే నేల. కింద మాత్రం ఎండ కాస్తూనే ఉంటుంది. ఇసుక తవ్వేవాళ్ళకి చప్పుడు వినబడేసరికి అది మలుపు తిరిగి ఉంటుంది. ప్రభుత్వం వాళ్ళ హెచ్చరికలు ఉన్నాయి గానీ, అవి మా చిన్న పాయ దాకా ఎప్పుడూ వేళకి అందేవి కావు.

అందుకని ఆమె తొమ్మిదో తరగతి పిల్లలతో వాన కొలిపించడం మొదలుపెట్టింది. పై ఊరు సుంబర్‌లెగిలో ఒక వానకొలత గొట్టం పెట్టాం. వంతులవారీగా ఇద్దరు పిల్లలు మధ్యాహ్నం అక్కడ కూర్చుని, వాన మొదలైతే పది నిమిషాలకోసారి కొలిచి వాకీటాకీలో బడికి చెప్పాలి. ఏ పది నిమిషాల అంకైనా పది మిల్లీమీటర్లు దాటితే బడి నుంచి ఏట్లో వాళ్ళకి కబురు వెళ్ళాలి. గొట్టం నేనే చేశాను. ప్లాస్టిక్ పైపు, దాని నెత్తిన గరాటు, ఆకులూ దోమలూ పోకుండా గరాటులో సన్నని జాలీ. జాలీ ఎంత సన్నగా ఉంటే పని అంత మంచిదని నా నమ్మకం.

మొదటి ఏడాది ఆ లెక్కలు జిల్లా పోటీకి పంపారు. ఓడిపోయాం. మా గ్రాఫు గీత ఎగుడుదిగుడుగా ఉందని, మధ్యలో ఖాళీలున్నాయని అన్నారట. హెడ్మాస్టరు పాక్ బాస్కోరో గెలిచిన బడి గీతను పెద్దగా అచ్చు వేయించి తెచ్చి ప్రయోగశాల గోడకి అంటించాడు. నున్నగా, ఏటవాలుగా, ముచ్చటగా ఉంది ఆ గీత.

"ఇలా రావాలి బు. బాగుంది కదా?" అన్నాడు.

బు సుకేసి దాన్ని చాలాసేపు చూసింది. "అవును పాక్," అంది.

ఆయన పెద్దవాడు మరి. ఆ కాగితం గోడ మీదే ఉండిపోయింది.

తర్వాతి జనవరిలో ఒకరోజు ఆమె ఏట్లో వాళ్ళని గట్టు మీదికి ఎక్కించింది. పై ఊళ్ళో అంకె పన్నెండు వచ్చింది, కబురు పంపింది, ముప్పై మంది పారలు వదిలి పైకొచ్చారు, లారీలు ఖాళీగా వెళ్ళిపోయాయి. ఏట్లో చెప్పులు తడిసేంత నీరు కూడా రాలేదు. మర్నాడు వంతెన మీద ఆమె బండి దిగగానే కింద నుంచి కూతలు. "బు, ఆ మబ్బు తుమ్మింది, ఎక్కేయమంటారా?" "బు, మా ఆవిడ మూతి ముడిచింది, అదెన్ని మిల్లీమీటర్లు?"

హెడ్మాస్టరు నవ్వలేదు. "ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ రేడియో బీరువాలో పెట్టి తాళం వేస్తాను," అన్నాడు. ఆమెకు తాళం భయం కాదు. ఇంకోసారి పిలిచి ఏమీ రాకపోతే, ఆ తర్వాత పిలుపుకి ఎవరూ ఎక్కరు. అదీ ఆమె భయం.

వారం తిరిగాక గురువారం పొద్దున కొండ కాస్త బూడిద తుమ్మింది. అందరం వాకిళ్ళు ఊడ్చుకున్నాం, అరటాకులు దులుపుకున్నాం, ఎవరి పనికి వాళ్ళం పోయాం. మధ్యాహ్నం పై ఊళ్ళో వంతు నింగ్రుమ్‌ది. నెమ్మదైన పిల్ల, అక్షరాలు అచ్చు గుద్దినట్టు రాస్తుంది. జతపిల్లకి జ్వరం రావడంతో, వాళ్ళ మామ్మ వాకిట్లో పెట్టిన గొట్టం దగ్గర ఒక్కతే ఉంది. ఆమె తండ్రి పాక్ ములియోనో ఏట్లో ఇసుక మనుషుల మేస్త్రీ. అక్కడి వాకీటాకీ అతని నడుముకే ఉంటుంది.

ఒకటిన్నర దాటాక పైన వాన మొదలైంది. మా బడి మీద మాత్రం ఎండ. బు సుకేసి రేడియో ముందు కూర్చుని నోటు పుస్తకంలో రాసుకుంటోంది. నేను పక్క బల్ల మీద ఒక మోటారు విప్పుతున్నాను.

"మూడు, బు. ఓవర్." పది నిమిషాలకి, "నాలుగు, బు." మళ్ళీ, "అయిదు." మళ్ళీ, "ఆరు, బు. ఓవర్."

నాలుగో అంకె రాసి ఆమె పెన్ను ఆపింది. పుస్తకం వైపు చూసింది. గోడ మీది గీత వైపు చూసింది. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

"పాక్," అంది, "వాన ఎప్పుడైనా మెట్లెక్కినట్టు పడడం చూశారా?"

నేను జవాబు చెప్పేలోపే బొత్తాం నొక్కింది. "నింగ్రుమ్, గొట్టం దగ్గర నీకు తెలియనిది ఏముంది? చెప్పమ్మా."

రేడియోలో గరగర. ఆ గరగర వెనక వాన రేకుల మీద ఎంత గట్టిగా పడుతోందో వినబడుతోంది. ఆరు మిల్లీమీటర్ల వాన అలా మోగదు.

"ఏం లేదు బు. అంతా బాగానే ఉంది," అంది పిల్ల.

బు సుకేసి కళ్ళు మూసుకుంది. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది. "సరే. నాకొక సందేహం వచ్చిందమ్మా, నా కోసం చూడు. మీ మామ్మ అన్నం వండే గిన్నె ఉంటుంది కదా, అంచులు నిలువుగా ఉండేది. దాన్ని వాకిట్లో వానలో పెట్టు. అయిదు నిమిషాలయ్యాక స్కేలు ముంచి చెప్పు. గొట్టం సంగతి వదిలెయ్. గిన్నె ఒక్కటే చూడు."

ఆ అయిదు నిమిషాలు ఎలా గడిచాయో నాకు గుర్తుంది. ఆమె గడియారం చూడలేదు. నన్ను చూసి, "నేనిప్పుడు పిలిచి, అక్కడ ఏమీ లేకపోతే?" అంది. "పిలవకుండా ఉంటే?" అని తనే అంది. ఏట్లో ముప్పై ఒక్కమంది ఉన్నారు.

రేడియో మోగింది. పిల్ల గొంతు వేరుగా ఉంది. "బు... గిన్నెలో తొమ్మిది ఉంది. అయిదు నిమిషాలకే తొమ్మిది."

"గొట్టంలో?"

"గొట్టంలో ఒకటే ఉంది బు. అక్కడే ఆగిందని చూడడం మానేశాను. గరాటులో బూడిద పట్టేసింది, జాలీ మూసుకుపోయింది. పోయిన వారం కూడా కొంచెం పట్టింది. పాక్ సార్మిడి చేసింది కదా బు, బాలేదని ఎలా చెప్పను? చప్పుడు విని చెప్పాను... గోడ మీద గీత ఉన్నట్టు..." ఆ తర్వాత ఏడుపే.

నా చెవులు వేడెక్కాయి. పుట్టి బుద్ధెరిగాక నా పని చూసి నేను సిగ్గుపడింది ఆ రోజే. కానీ సిగ్గుకి కూడా వేళ లేదు.

బు సుకేసి తిట్టలేదు. "నువ్వు చూడని నిమిషాలు ఎన్ని?"

"నలభై, బు."

"ఏడుపు కాసేపు ఆపి, లోయ వైపు చెవి పెట్టు. ఏం వినబడుతోంది?"

"లారీలు బు. బరువు లారీలు పోతన్నట్టు..."

సుంబర్‌లెగి పైన లారీ ఎక్కే దారి లేదు. ఆ సంగతి మాకిద్దరికీ ఒక్క క్షణంలోనే తట్టింది.

ఆమె రేడియో మీట తిప్పి ఏటి ఛానల్‌కి పెట్టింది. "పాక్ ములియోనో, అందర్నీ పైకి ఎక్కించండి. ఇప్పుడే."

అవతల పార చప్పుడు, ఎవరిదో నవ్వు. "బు, దండం పెడతాను. ఇక్కడ నా నీడ చూస్తే నాకే ముచ్చటేస్తంది, అంత ఎండ. రెండు లారీలు సగం నిండి ఉన్నాయి. పోయిన వారం మీ మాట మేము ఆలకించాం, ఇవాళ మా మాట మీరు ఆలకించండి. లెక్క సరిపోద్ది."

"పాక్, కొండ మీద..."

"అంకె ఎంత బు? అంకె చెప్పండి. మొన్న పన్నెండు అన్నారు."

ఆమె దగ్గర అంకె లేదు. పుస్తకంలో ఉన్న నాలుగూ అబద్ధాలు. ఒక్క గిన్నె లెక్క ఉంది. పెద్దవాళ్ళు నమ్మాలంటే గిన్నె చాలదు. ఆమె పెదవి కొరుక్కుంది, మీట మళ్ళీ మొదటి ఛానల్‌కి తిప్పింది.

"నింగ్రుమ్, నీ రేడియోని మీ నాన్న ఛానల్‌కి మార్చు. జరిగింది జరిగినట్టు చెప్పు. నేను వింటూ ఉంటాను."

"నాన్న చంపేస్తాడు బు!"

"అలాగే చంపనీ. ముందు ఆయన పైకి రావాలి కదా."

మేమూ ఆ ఛానల్‌కి తిప్పి విన్నాం. పిల్ల గొంతు సన్నగా, తడిగా వచ్చింది. "నాన్నా."

"ఏంటే, నువ్వేంటి రేడియోలో? ఎందుకా ఏడుపు? ఎవరు కొట్టారు?"

"నాన్నా, నేను అంకెలు అబద్ధం చెప్పాను. నలభై నిమిషాల్నించి గొట్టం చూడకుండా చెప్పాను. ఇక్కడ వాన కుండపోతగా ఉంది. లోయలో రాళ్ళు దొర్లుతన్నాయి నాన్నా. పైకి రా. నన్ను తర్వాత కొట్టు. పైకి రా నాన్నా!"

పార చప్పుడు ఆగింది. నవ్వు ఆగింది. ఆ తర్వాత ములియోనో అరుపు మాకు కాదు, ఏటికి. "పైకి! లారీలు వదిలెయ్! రే, ఇంజను ముట్టుకోకు, పరిగెత్తు!" రేడియో దేనికో తగిలినట్టు ఠాప్‌మంది. ఇంకేమీ వినబడలేదు.

నేను వరండాలోకి పరిగెత్తాను. మా బడి గట్టు మీద ఎత్తున ఉంటుంది, దిగువ ఏరు రెండు వంపుల దాకా కనబడుతుంది. ముందు వాసన వచ్చింది, తడిసిన నిప్పుల వాసన. తర్వాత కిటికీ అద్దాలు గజగజలాడాయి. వంపు తిరిగి నల్లటి ముద్ద ఒకటి వచ్చింది. దాని ముందు భాగంలో గుడిసెలంత రాళ్ళు బంతుల్లా పైకీ కిందకీ లేస్తున్నాయి. ఎండలో తళతళా మెరుస్తోంది అది. ఏట్లో నిలబడి ఉన్న రెండు లారీలూ పక్కకి ఒరిగాయి. తర్వాత ఆ చోట లారీలు లేవు. మనుషులు కనబడలేదు. ఎక్కారో లేదో తెలియదు.

లోపల రేడియోలో పిల్ల అరుస్తూనే ఉంది. "నాన్నా! నాన్నా, పలుకు!"

బు సుకేసి గోడకి ఆనుకుని నిలబడింది. బొత్తాం నొక్కింది. "నింగ్రుమ్, నా మాట విను. ఆ గిన్నె వొంపేసి మళ్ళీ పెట్టు. కింద ఇంకా రెండు ఊళ్ళున్నాయి, వాళ్ళకి నేను చెప్పాలి. నాకు అంకెలు కావాలి. నీకు ఏది కనబడితే అదే."

పిల్ల అంకెలు ఇచ్చింది. ఏడుస్తూ, ముక్కు చీదుతూ, అయిదు నిమిషాలకోసారి. పదకొండు. నాలుగు. నాలుగు. ఎనిమిది. ఒకటి. ఆమె రాసుకుంది, దిగువ ఊళ్ళకి ఫోన్లో చెప్పింది. ఒక్కో అంకెకీ మధ్య పిల్ల అడిగేది: "నాన్న వచ్చాడా బు?" ఆమె ఒక్కసారి కూడా వస్తాడని అనలేదు. "ఇంకా తెలియలేదమ్మా. తెలిసిన క్షణం చెప్తాను," అనేది.

ఒక అరగంటకి జనం బడి వాకిట్లోకి వచ్చారు. మోకాళ్ళ దాకా బురద, కాళ్ళకి చెప్పులు లేవు. నేను లెక్కపెట్టాను. ఇరవై ఆరు. మేస్త్రీ, ఇంకో నలుగురూ అవతల గట్టుకి పరిగెత్తారని ఒకడు చెప్పాడు. ఎక్కడం చూశావా అంటే చూశానన్నాడు. బు సుకేసి వాడి ఎదురుగా నిలబడి, "ఏ రంగు చొక్కా చూశావు?" అని అడిగింది. వాడు తల వంచుకున్నాడు. చూడలేదు.

మూడు దాటాక వచ్చారు అయిదుగురూ, ఉధృతం తగ్గాక వంతెన మీంచి చుట్టు తిరిగి. ములియోనో అందరికంటే వెనక. అతని మొహం బూడిద పూసినట్టుంది. నేరుగా ప్రయోగశాలలోకి వచ్చి, రేడియో బొత్తాం నొక్కి, "వచ్చానే," అన్నాడు. బల్ల పట్టుకుని కిందికి కూలబడ్డాడు. బు సుకేసి వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఆమె వాంతి చేసుకుంటున్న చప్పుడు మాకు వినబడింది. ఎవరూ నవ్వలేదు.

హెడ్మాస్టరు అప్పటికే వచ్చి ఉన్నాడు. నోటు పుస్తకం తిరగేసి చూశాడు. "ఈ పేజీ చింపేద్దాం బు. అబద్ధాల లెక్క బడికి చెడ్డపేరు. ఆ పిల్లని కూడా వంతుల్లోంచి తీసేద్దాం. ఇంకా నెమ్మదస్తుల్ని పెడదాం."

ఆమె మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. పుస్తకం ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "క్షమించండి పాక్, చింపను," అంది. ఆయనతో ఆమె కాదనడం నేను మొదటిసారి విన్నాను. అబద్ధపు అంకెలు నాలుగింటికీ పక్కన "చూడకుండా చెప్పినవి" అని రాసింది. నా వైపు తిరిగింది. నేను చేతులు కట్టుకుని, "జాలీ తప్పు నాది. అదీ కింద రాయండి," అన్నాను. అదీ రాసింది. ఆ తర్వాత ఇంకొంచెం సేపు పెన్ను పట్టుకుని, "గోడ మీది కాగితం నేను తీయలేదు," అని తన సంగతి రాసుకుంది. హెడ్మాస్టరు ఆ గోడ వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మరి పిల్ల సంగతి?" అన్నాడు చివరికి.

కింద కూర్చున్న ములియోనో తల ఎత్తాడు. "రేపు కూడా అదే కూర్చుంటది పాక్. ఇంకెవరినైనా పెడితే మావాళ్ళు ఏట్లోకి దిగరు."

"తప్పు చెప్పిన పిల్ల కదయ్యా!"

"తప్పు చెప్పానని చెప్పింది కూడా అదే కదండీ. మా ఇంట్లో మూడు తరాల్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు. నేనూ అనలేదు," అన్నాడు. "రేపు దానికి భయం వేస్తది. వేయనీండి. భయంగా ఉన్న మనిషే రెండుసార్లు చూస్తది." ఆ మాట అంటూ బు సుకేసి వైపు చూశాడు, వెంటనే చూపు దించుకున్నాడు.

ఆమె వంతుల కాగితం తీసి శుక్రవారం గడిలో నింగ్రుమ్ పేరు రాసింది. పక్కన ఇంకో పేరు, జతగా.

ములియోనో నడుము నుంచి వాకీటాకీ తీసి నా బల్ల మీద పెట్టాడు. అద్దం పగిలింది, బొత్తాల సందుల్లో ఇసుక కూరుకుపోయింది. "రేపు పన్నెండింటికి కావాలి పాక్," అన్నాడు. నేను దీపం దగ్గరికి లాక్కుని మొదటి మర విప్పాను.